కలసి చదువుకొను పొరుగువారు



మన జిల్లాలోని ధర్మాబాదు తాలూకాలో బాభళి గ్రామము కడ గోదావరికి అడ్డముగా ఒక బంధారా కలదు. దానికి 14 గేట్లు. ప్రతి సంవత్సరము జులై 1వ తేదీన ఆ గేట్లు ఎత్తవలెను. అక్టోబరు 28వ తేదీ వరకు నీరు అడ్డు లేక బాసర మీదుగా శ్రీరాంసాగరమునకు పోవలెను. మార్చి 1వ తేదీన 0.6 టి.ఎం.సి. నీటిని దిగువ రాష్ట్రమునకు విడువవలెను. ఈ తేదీలను ఏ యింజనీరును తన యిష్టము చొప్పున మార్చుటకు వీలు లేదు.

ఈ యేర్పాటు సులభముగా రాలేదు. ఎగువవారు నీటిని కట్టివేయుదురని దిగువవారికి భయము. తమ జిల్లాలో పారు నదిలో తమకు గుక్కెడు నీరైనను దక్కదా యని ఎగువవారికి కోపము. మన సంఘమునందలి కుటుంబములకు రెండు ఒడ్డులయందును చుట్టములున్నారు గనుక ఆ భయమును, ఆ కోపమును మనము రెండు భాషలలో వింటిమి. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయినది. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చినది. తీర్పు తేదీలతో ఆగలేదు. ముగ్గురు సభ్యులు గల పర్యవేక్షక సంఘమును కూడ ఏర్పరచినది. కేంద్ర జల సంఘము నుండి ఒకరు, ఎగువ రాష్ట్రము నుండి ఒకరు, దిగువ రాష్ట్రము నుండి ఒకరు అందు కూర్చుందురు. 2014లో తెలంగాణ ఏర్పడిన పిదప దిగువ రాష్ట్రమనగా తెలంగాణయే.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. తీర్పు వలన ఎవరును హఠాత్తుగా ఉదారులు కాలేదు. జరిగినదెల్ల ఇది: తేదీ నిశ్చయమైనది, కొలత నిశ్చయమైనది, ఒకే గేటును ఇరువురును కలసి చూచుట మొదలైనది. అనుమానమునకు చోటు తగ్గినది.

రాష్ట్రముల మధ్య తగవు తీర్చుటకు వాటికి పైన సుప్రీంకోర్టు కలదు. దేశములకు పైన అట్టి యధికారము గల న్యాయస్థానము లేదు. అంతర్జాతీయ న్యాయస్థానము హేగు నగరమున నున్నను, ఉభయ దేశములును సమ్మతించిననే గాని సాధారణముగా అది విచారణ జరుపజాలదు. అట్లయిన దేశములు తమ అనుమానములను ఎట్లు తగ్గించుకొనును? సైనికాధికారులను, పౌరాధికారులను ఒక గదిలో కూర్చుండబెట్టి కలసి చదివించుట ఒక మార్గము. ఈ పని కొరకే ప్రభుత్వములు కొన్ని విద్యాకేంద్రములను నడుపుచున్నవి. అట్టి వానిలో ఒకటి మనకు ఒక రాత్రి రైలు ప్రయాణపు దూరములోనే ఉన్నది. ఆ విద్యను గూర్చియే ఈ పాఠము.

1. భద్రత అనగా నేమి?

భద్రత యనగానే మనకు తుపాకియు, సరిహద్దు కంచెయు తలపునకు వచ్చును. అది భద్రతలో ఒక భాగము మాత్రమే. ఇంటికి తాళము వేసికొనుట భద్రత. పొరుగింట నిప్పంటుకొన్నప్పుడు వారు మనలను కేకవేసి పిలుచుట కూడ భద్రతయే. తాళము మనము ఒంటరిగా కొనితెచ్చుకొనవచ్చును. ఆ కేక మాత్రము పొరుగువారితో పరిచయమున్ననే గాని రాదు. ఇల్లు కొనువాడు ముందు పొరుగు చూచుకొనవలెనని పెద్దలు చెప్పుట ఇందువలననే.

దేశములకును ఇదే న్యాయము. తుపాను, భూకంపము, అంటువ్యాధి, సముద్రపు దోపిడి, మాదకద్రవ్యముల రవాణా మొదలగునవి పటములోని గీతలను గౌరవింపవు. ఒక ప్రాంతమునకు చెందిన దేశములు ఇట్టి యాపదలను గూర్చి సమాచారము పంచుకొనుట, ఒండొరుల సైనిక చర్యలను గూర్చి అపోహ పడకుండ చూచుకొనుట, ఆపద కాలమున కలసి పనిచేయుట - ఈ మూటిని కలిపి ప్రాంతీయ భద్రతా సహకారమందురు.

మన రాజ్యాంగము 51వ అధికరణమునందు అంతర్జాతీయ శాంతిభద్రతలను పెంపొందించుటకును, దేశముల మధ్య న్యాయమైన, గౌరవప్రదమైన సంబంధములను నిలుపుటకును, వివాదములను మధ్యవర్తిత్వముచే పరిష్కరించుకొనుటను ప్రోత్సహించుటకును ప్రభుత్వము ప్రయత్నింపవలెనని ఆదేశించుచున్నది. మన పాఠశాల నడుచుటకు ఆధారమైన 30వ అధికరణమును, మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చిన 350ఏ అధికరణమును ఆ గ్రంథమునందే ఉన్నవి. ఇంటిలో అల్పసంఖ్యాకులతో ఎట్లు మెలగవలెనో చెప్పిన గ్రంథమే పొరుగు దేశములతో ఎట్లు మెలగవలెనో కూడ చెప్పినది.

2. సికింద్రాబాదు కళాశాల

నాందేడులో బండి యెక్కి ముద్‌ఖేడు, ఉమ్రీ, ధర్మాబాదు, బాసర, నిజామాబాదు, కామారెడ్డి దాటినచో, సికింద్రాబాదునకు ముందుగా బొల్లారము వచ్చును. అది పూర్వకాలపు దండు ప్రదేశము. అక్కడికి సమీపముననే, సైనిక్‌పురి ప్రాంతమున, రక్షణ నిర్వహణ కళాశాల కలదు. దీనిని ఆంగ్లమున కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజిమెంట్ అందురు. పెండ్లిండ్లకును, వైద్యమునకును ఆ దారిని పలుమారులు పోవు మనలో అనేకులకు ఆ కళాశాల పేరు తెలియదు.

1970 డిసెంబరులో ఈ సంస్థ మొదలైనది. అప్పుడు దాని పేరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిఫెన్స్ మేనేజిమెంట్. 1980లో కళాశాలగా పేరు మారినది. పదాతిదళము, నౌకాదళము, వాయుదళము అను భేదము లేక మూడు దళముల అధికారులును ఇక్కడ కలసి చదువుదురు. ఇందలి ప్రధానమైన ఉన్నత రక్షణ నిర్వహణ శిక్షణ 44 వారములు సాగును. కర్నలు హోదా గలవారును, తక్కిన రెండు దళములలో తత్సమానులును దీనికి వత్తురు. ఉస్మానియా విశ్వవిద్యాలయము ఈ శిక్షణకు నిర్వహణశాస్త్రమున స్నాతకోత్తర పట్టమిచ్చును. 1956కు పూర్వము మన పెద్దలు పట్టముల కొరకు చూచినదియు ఆ విశ్వవిద్యాలయము వైపే.

ఇక్కడ తుపాకి పేల్చుట నేర్పరు; వచ్చువారికి అది ముందే తెలియును. పరిమితమైన ధనముతో, సిబ్బందితో, కాలముతో ఒక పెద్ద కార్యమును ఎట్లు నడుపవలెను, అరకొర సమాచారముతో నిర్ణయమెట్లు చేయవలెను, లెక్కల సాయమున మార్గములను పోల్చి చూచుట యెట్లు అనునవి ఇక్కడి పాఠములు. ఆపరేషన్స్ రీసెర్చ్ అను గణితశాఖ ఇందు ముఖ్యమైనది.

మనకు ప్రస్తుతమైన సంగతి వేరొకటి. ఈ తరగతులలో భారతీయులతో పాటు మిత్రదేశముల అధికారులును కూర్చుందురు. కళాశాల స్థాపించుటలో ప్రధానోద్దేశము మన దళములకు శిక్షణ నిచ్చుటయే. ఇతర దేశముల వారు అతిథులుగా వచ్చి చేరినవారు. కాని 44 వారములు చిన్న కాలము కాదు. ఒక పాఠశాల సంవత్సర మంత. అంతకాలము ఒకే గదిలో ఒకే చిక్కులెక్కపై కుస్తీ పట్టినవారు ఒకరి యాలోచనారీతి నొకరు గ్రహింపక మానరు.

హైదరాబాదునందే సర్దారు వల్లభభాయి పటేలు జాతీయ పోలీసు అకాడెమీ కలదు. 1948లో ఆబూ పర్వతమున స్థాపితమైన ఈ సంస్థ 1975లో హైదరాబాదునకు వచ్చినది. ఐ.పి.ఎస్. శిక్షణార్థులతో కలసి నేపాలు, భూటాను, మాల్దీవుల పోలీసు అధికారులును ఇక్కడ శిక్షణ పొందిరి. దొంగకు సరిహద్దు లేనప్పుడు దొంగను పట్టువారికి పరిచయములకు సరిహద్దు ఉండరాదు గదా.

3. ఈ యాలోచన ఎక్కడ మొదలైనది?

ఈ సంప్రదాయము సికింద్రాబాదులో పుట్టినది కాదు. స్వాతంత్ర్యము రాక మునుపే, 1947 మార్చి 23 నుండి ఏప్రిల్ 2 వరకు, ఢిల్లీ పురానా ఖిల్లాలో ఆసియా దేశముల సంబంధములను గూర్చి ఒక మహాసభ జరిగినది. హైదరాబాదున పెరిగిన సరోజినీ నాయుడు దానికి అధ్యక్షత వహించెను. ఆ సభను ఏర్పాటు చేసినది ఏ మంత్రిత్వశాఖయు కాదు. 1943లో స్థాపితమైన భారత ప్రపంచ వ్యవహారముల పరిషత్తు. తేజ్ బహదూర్ సప్రూ దానికి మొదటి అధ్యక్షుడు. ఆయన పేరిటనే దాని భవనము సప్రూ హౌస్ అని ప్రసిద్ధి కెక్కినది. 2001లో పార్లమెంటు చట్టము ద్వారా ఆ పరిషత్తు జాతీయ ప్రాముఖ్యము గల సంస్థయైనది.

1960 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఢిల్లీలో జాతీయ రక్షణ కళాశాలను ప్రారంభించెను. దాని శిక్షణ 47 వారములది. సైనికులు, పౌరాధికారులు, మిత్రదేశముల అధికారులు కలసి దేశ సామాజిక స్థితి, ఆర్థిక భద్రత, అంతర్జాతీయ పరిస్థితి, భారతదేశపు పొరుగు ప్రాంతము మొదలగు విషయములను చదువుదురు. భూటాను రాజు జిగ్మే ఖేసర్ నామ్‌గ్యేల్ వాంగ్‌చుక్ 2005లో, యువరాజుగా నున్నపుడు, ఇక్కడ చదివెను. మరుసటి సంవత్సరమే సింహాసన మెక్కెను.

1964 సెప్టెంబరు 15న ఐటెక్ అను పథకము మొదలైనది. ఇతర దేశముల ఉద్యోగులను భారతదేశమునకు పిలిచి, ఖర్చు భారత ప్రభుత్వమే భరించి, వివిధ వృత్తులలో శిక్షణ నిచ్చుట దీని పద్ధతి. 1965 నవంబరు 11న ఢిల్లీలో రక్షణ అధ్యయన సంస్థ ఏర్పడినది. అప్పుడు రక్షణమంత్రి మన మహారాష్ట్రకు మొదటి ముఖ్యమంత్రిగా నుండిన యశ్వంతరావు చవాన్. ఆ సంస్థ పుట్టుటకు చొరవ చూపినవాడును ఆయనయే. 1962 యుద్ధపు దెబ్బ తగిలిన పిదప ఆయన ఢిల్లీకి పోయి ఆ శాఖను చేపట్టెను. సైన్యమునకు తుపాకులు చాలకపోవుట యెంత లోపమో, పొరుగు దేశములను గూర్చి శ్రద్ధగా చదివినవారు చాలకపోవుటయు అంత లోపమేనని ఆ కాలము నేర్పినది.

4. తరగతి గదిలో ఏమి జరుగును?

ఇట్టి విద్యాకేంద్రములు ఇతర దేశములందును కలవు. అమెరికా రక్షణశాఖ 1995 సెప్టెంబరు 4న హవాయి దీవులలోని హోనోలులులో ఆసియా పసిఫిక్ భద్రతా అధ్యయన కేంద్రమును తెరచినది. తరువాత దానికి సెనేటరు డేనియల్ ఇనౌయే పేరు పెట్టిరి. ఆయన జపాను నుండి వలస వచ్చిన కుటుంబమున పుట్టినవాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా తన దేశమందలి జపానీ సంతతివారిని అనుమానించి వేలాదిగా నిర్బంధ శిబిరములలో ఉంచినది. ఆ కాలముననే ఆయన అమెరికా సైన్యమున చేరి, ఇటలీ రణరంగమున కుడిచేయి పోగొట్టుకొనెను. అనుమానము ఎంత అన్యాయము చేయగలదో తెలిసినవాని పేరు, అనుమానము తగ్గించుటకు ఏర్పడిన పాఠశాలకు తగియే యున్నది.

అట్టి కేంద్రముల పద్ధతి మన పాఠశాలలకు కొంత భిన్నము. మొదటిది, పెద్ద తరగతిని చిన్న బృందములుగా విడదీయుదురు. ఒకే దేశమువారు ఒకే బృందమున చేరకుండ చూతురు. రెండవది, బృందమునకు ఒక ఊహాజనితమైన ఆపద నిత్తురు. ఒక జలసంధిలో ఓడ మునిగినది, నూనె మూడు దేశముల తీరములకు కొట్టుకొనిపోవుచున్నది, ఎవరు ముందు కదలవలెను? ప్రతివాడును తన దేశపు చట్టము నొక వైపునుండి, ఓడలోని మనుష్యుల ప్రాణములను వేరొక వైపునుండి చూడవలసి వచ్చును. మూడవది, గదిలో ఎవరేమన్నదియు బయట వారి పేరుతో చెప్పరాదు. 1927లో లండనులోని చాథం హౌస్ అను సంస్థ ఏర్పరచిన నియమము దీనికి మూలము. విన్న విషయమును వాడుకొనవచ్చును గాని చెప్పినవాని పేరు బయటపెట్టరాదు. పేరు బయటికి పొక్కదను ధైర్యము లేనిదే ఏ యధికారియు తన ప్రభుత్వపు పొరపాటును ఒప్పుకొనడు.

నాలుగవది, చదువు ముగిసిన పిదప సంబంధము తెగకుండ పూర్వవిద్యార్థుల సంఘములను నడుపుదురు. నిజమైన ఫలము కనబడునది ఇక్కడనే. పదేండ్ల తరువాత సరిహద్దుకు ఇరువైపుల ఇద్దరు సహాధ్యాయులు పెద్ద పదవులలో ఉందురు. ఒక రాత్రి ఏదో యపోహ కలిగినపుడు ఒకడు రెండవవానికి ఫోను చేయగలిగినచో, ఆ ఒక్క ఫోను ఆ శిక్షణకైన ఖర్చునంతయు తీర్చివేయును.

పాఠకులు ఒక మాట మరువరాదు. ఏ ప్రభుత్వమును తన ప్రయోజనము చూచుకొనక ఇట్టి వానిపై ధనము వెచ్చింపదు. అమెరికా కేంద్రమునకు అమెరికా దృష్టి యుండును. మన కళాశాలలకు మన దృష్టి యుండును. అతిథిగా వచ్చినవానికిని అది తెలియును. తెలిసియు కలసి కూర్చుండుటలోనే ఈ విద్య యొక్క విలువ యున్నది.

5. రెండు గంటల కాలము

సహకారము లేకపోయినచో కలుగు నష్టము ఎంతటిదో చెప్పుటకు ఒక్క యుదాహరణము చాలును. 2004 డిసెంబరు 26 ఆదివారము. మన కాలమానము ప్రకారము ఉదయము 6 గంటల 28 నిమిషములకు ఇండోనేషియాలోని సుమత్రా సమీపమున సముద్రగర్భమున మహాభూకంపము కలిగినది. అందుండి పుట్టిన సునామీ అలలు శ్రీలంకను, తమిళనాడును చేరుటకు సుమారు రెండు గంటలు పట్టినది. ఆ రెండు గంటలు తీరమున జనులు యథాప్రకారము తిరుగుచునే యుండిరి. వారితో సముద్రమునకు దూరముగా పొండని చెప్పినవారు లేరు. 14 దేశములలో సుమారు 2,30,000 మంది మరణించిరి. తమిళనాట సుమారు 8,000 మంది, ఆంధ్ర తీరమున నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

పసిఫిక్ సముద్రపు దేశములకు 1965 నుండి ఉమ్మడి సునామీ హెచ్చరిక వ్యవస్థ యున్నది. హిందూ మహాసముద్రపు దేశములకు అట్టిది లేకపోయెను. ఒక దేశపు యంత్రము కదలికను గుర్తించినను, ఇంకొక దేశమున ఎవరికి చెప్పవలెనో, వారు తీరవాసులకు ఎట్లు చెప్పవలెనో ముందుగా నిశ్చయింపబడలేదు. ఆ ఉదయమున లేనిది శాస్త్రజ్ఞానము కాదు. ముందుగా కూర్చుండి చేసికొన్న ఏర్పాటు.

దాని ప్రాయశ్చిత్తము మన హైదరాబాదులోనే జరిగినది. అక్కడ 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రమున 2007 అక్టోబరు 15న సునామీ ముందు హెచ్చరిక కేంద్రము ప్రారంభమైనది. సముద్రపు టడుగున ఒత్తిడి కొలుచు పరికరములు, భూకంప మాపకములు, తీరమున నీటిమట్టము కొలుచు యంత్రములు దానికి రాత్రింబవళ్లు సమాచార మందించును. 2011 నుండి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు ఈ కేంద్రమును హిందూ మహాసముద్రపు దేశములకు సమాచార మిచ్చు బాధ్యతను వహించినది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా సమీపమున మరల 8.6 తీవ్రత గల భూకంపము వచ్చినపుడు కొలది నిమిషములలో సమాచారము వెలువడినది. పెద్ద అలలు రాలేదు. ఆ కేంద్రమునకు అనుబంధముగా నున్న శిక్షణాలయమున ఇతర దేశముల శాస్త్రజ్ఞులును వచ్చి చదువుదురు. సముద్రము కానరాని హైదరాబాదున కూర్చుండి సముద్రతీర దేశములకు కావలి కాయుట విచిత్రమే యైనను, ప్రాంతీయ భద్రతకు ఇంతకంటె చక్కని నిదర్శనము లేదు.

ఆ విపత్తునందే వేరొక సంగతియు తెలిసినది. తన తీరము దెబ్బతిన్నను భారత నౌకాదళము వెంటనే శ్రీలంకకు, మాల్దీవులకు, ఇండోనేషియాకు ఓడలను పంపినది. పరాయి సైన్యపు ఓడ మన రేవునకు వచ్చుట మామూలు కాలమున ఎంతో చర్చకు తావిచ్చు విషయము. నాడు ఆ తలుపులు తెరచుకొనుటకు పూర్వ పరిచయము తోడ్పడినది. 1995లో అండమానులోని పోర్టు బ్లెయిరున భారత నౌకాదళము మిలన్ అను కూటమిని మొదలుపెట్టెను. ఆ మొదటిసారి ఇండోనేషియా, సింగపూరు, శ్రీలంక, థాయిలాండు నౌకాదళములు వచ్చినవి. 2022లో ఆ కూటమి మొదటిసారిగా విశాఖపట్టణమున జరిగినది. 2024లో మరల అక్కడనే జరిగినది. నలుగురు అతిథులతో మొదలైన విందునకు ఇప్పుడు పదుల సంఖ్యలో దేశములు వచ్చుచున్నవి. సముద్రమున కలసి విన్యాసములు చేయుటతో పాటు ఒడ్డున సదస్సును కూడ జరుపుదురు.

6. ఈ విద్యకు హద్దులు

ఇంతవరకు చదివినవారికి, కలసి చదివినంత మాత్రమున అందరును మంచివారగుదురా యను సందేహము కలుగవచ్చును. కలుగవలసినదే.

బంగ్లాదేశ సైన్యాధికారి హుస్సేన్ మహమ్మద్ ఎర్షాద్ 1975లో ఢిల్లీ జాతీయ రక్షణ కళాశాలలో చదివెను. 1982 మార్చి 24న ఆయనయే తన దేశమున ఎన్నికైన ప్రభుత్వమును తొలగించి అధికారమును చేజిక్కించుకొనెను. కళాశాల చదువు దాని నాపలేదు. అయినను కథ అక్కడితో ముగియలేదు. దక్షిణాసియా దేశముల సహకార సంఘమగు సార్క్ యొక్క మొదటి శిఖరాగ్ర సభ 1985 డిసెంబరులో ఢాకాలో జరిగినపుడు దానికి ఆతిథ్య మిచ్చి అధ్యక్షత వహించినవాడును ఆయనయే. ఒకే మనుష్యుని జీవితమున రెండును ఉన్నవి. విద్య మనుష్యుని మార్చివేయు మంత్రము కాదు. పొరుగువారితో మాటలాడుటకు ఒక తలుపు తెరచి యుంచునంతే.

ఆ సార్క్ సంఘమునకే ఏమైనదో చూడుడు. 2014 నవంబరులో ఖాట్మండులో శిఖరాగ్ర సభ జరిగినది. 2016లో ఇస్లామాబాదున జరుగవలసిన సభ జరుగలేదు. ప్రభుత్వముల మధ్య నమ్మకము చెడినపుడు పాఠశాలలు దానిని ఒంటరిగా నిలుపలేవు. రాజకీయ సంకల్పము లేనిచోట కళాశాల పట్టము గోడకు వ్రేలాడు పటము మాత్రమే. అయినను సంకల్పము కలిగిన దినమున పని మొదలుపెట్టుటకు మనుష్యులు కావలెను. ఆ మనుష్యులను సిద్ధము చేసి యుంచుటయే ఈ కేంద్రముల పని. వర్షము రాని సంవత్సరమున చెరువు కట్టను పాడుచేసికొను రైతు ఉండడు గదా.

7. మన పిల్లలకు దీనితో నేమి పని?

మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, రేడియోలోను టెలివిజనులోను హిందీ, తరగతిలో ఆంగ్లము వినుచు పెరుగుచున్నారు. దీనిని కొందరు తల్లిదండ్రులు బరువుగా నెంచుదురు. నేను తరగతిలో చూచిన దాని ప్రకారము, పొరుగువాని భాషలో వాని వాదమును వినగలిగిన పిల్లవాడు తగవులో తొందరపడి చేయి యెత్తడు. మరాఠీలో పొరుగువానిని శేజారీ యందురు. ఆ మాటను ఆ భాషలోనే విని, ఆ భాషలోనే బదులు చెప్పగల పిల్లవానికి సరిహద్దు జీవితము భయము కాదు, అభ్యాసము. హోనోలులులో కొన్ని వారములు, సికింద్రాబాదులో 44 వారములు నేర్పుదురని పైన చెప్పిన విద్యకు పునాది మన వీధులలో ఉచితముగా పడుచున్నది.

ఈ మార్గమున పోగోరు పిల్లలకు దారులు కలవు. పూనా సమీపమున ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడెమీకి పన్నెండవ తరగతి స్థాయిలో యు.పి.ఎస్.సి. పరీక్ష జరుపును, 2022 నుండి బాలికలును అక్కడ శిక్షణ పొందుచున్నారు. భూటాను మొదలగు మిత్రదేశముల కుర్రవాండ్రును అక్కడ మన పిల్లలతో కలసి చదువుదురు. పట్టభద్రులైన వారికి విదేశాంగ సేవ, పోలీసు సేవ కలవు. సముద్రశాస్త్రము, భూకంపశాస్త్రము చదివినవారికి హైదరాబాదు కేంద్రము వంటి చోట్లు కలవు. యూనిఫారము తొడిగినవారే దేశమును కాపాడుదురనుట సగము సత్యము. నీటిమట్టము చూచుచు అర్ధరాత్రి మేలుకొని యుండువాడును కాపాడుచున్నాడు.

అందరును అంత దూరము పోనక్కరలేదు. మన పిల్లలలో ఎవరో ఒకరు రేపు గోదావరి బంధారా కడ ఇంజనీరు కావచ్చును. ఎగువ మనిషిగా తన రాష్ట్రమునకు నిజాయితీగా పనిచేయుచునే, దిగువ మనిషి ఏమి భయపడుచున్నాడో వాని భాషలోనే వినగలిగినచో, మన పాఠశాల పెట్టిన శ్రమ ఫలించినట్లే.

ఇంట చర్చింపదగిన ప్రశ్నలు

ఈ క్రింది ప్రశ్నలను తల్లిదండ్రులు భోజనానంతరము పిల్లలతో చర్చింపవలెనని ప్రార్థన.

1. బాభళి గేట్లను గూర్చిన నియమములలో తేదీని నిశ్చయించుట ఎక్కువ ముఖ్యమా, ఇరువురును కలసి చూచుట ఎక్కువ ముఖ్యమా? ఎందుచేత?

2. 2004 డిసెంబరు 26 ఉదయమున దొరకిన రెండు గంటలను వినియోగించుటకు ముందుగా ఏయే యేర్పాట్లు ఉండవలసినది? మన ఊరిలో గోదావరికి వరద వచ్చినపుడు మన వీధికి అట్టి యేర్పాటు కలదా?

3. పేరు బయట చెప్పరాదను నియమము లేనిచో కలసి చదువుకొనుటలో ఏమి లోపము కలుగును?

4. ఎర్షాద్ కథను బట్టి విద్య వ్యర్థమని చెప్పవచ్చునా? చెప్పరాదన్నచో కారణమేమి?

5. భారతదేశపు పటము చూచి, మన దేశమునకు భూమిపై సరిహద్దు గల పొరుగు దేశముల పేర్లను, సముద్రము మీదుగా పొరుగున నున్న దేశముల పేర్లను వేరువేరుగా వ్రాయుము. వానిలో ఒక్కొక్క దేశపు భాష నొకదానిని తెలిసికొనుము.